దర్వాజ దాకా

జనవరి 6

మొదటి పేజీలో పేరు, ఊరు, వృత్తి రాసుకోమని గీతలు గీసి పెట్టారు. పరమేశ్వర్, ఇబ్రహీంపట్నం అని రాశాను. వృత్తి దగ్గర ఆగిపోయాను. బ్యాండ్ మాస్టర్ అని రాయాలంటే ముందు బ్యాండ్ ఉండాలి కదా. మాది మూతపడి రెండు పెళ్లిళ్ల సీజన్లు గడిచాయి. ఇప్పుడు పెళ్లి ఊరేగింపు, బరాత్ అంటే డీజే బండే. మా బ్యాండు ఎర్ర కోట్లన్నీ నా భార్య నాగులమ్మ మూట కట్టి సజ్జ మీద పడేసింది. చివరికి "క్లారినెట్" అని ఒక్క మాట రాశాను. మనిషి వృత్తి అడిగితే వాయిద్యం పేరు రాసినట్టయింది. ఉండనీ.

ఈ డైరీ ఎరువుల దుకాణం శ్రీశైలం ఊరికే ఇచ్చాడు. ప్రతి పేజీ అడుగున ఏదో ఒక పురుగు గురించి ఉంది. ఇవాళ్టిది కాండం తొలిచే పురుగు. నాకు గుంటెడు పొలం లేదు, అయినా మొత్తం చదివాను. పనిలేనితనం అంటే ఇదే.

పొద్దున నర్మద వచ్చింది. మా అన్న బిడ్డ. యూనివర్సిటీలో వేరే సీటు దొరక్క ఫారసీలో చేరి, ఇక ఆ ఫారసీని వదలకుండా పట్టుకున్న పిల్ల. ఆ భాషలోని పాత సూఫీ కవిత్వాన్ని గిటారుతో, కంప్యూటర్ శబ్దాలతో కలిపి స్టేజీ మీద పాడుతుంది. ఫిబ్రవరి ఆఖర్లో పట్నంలో ఒక పెద్ద హాల్లో ప్రోగ్రాం ఉందట.

"కాక, నీ క్లారినెట్ గావాలె మాకు," అంది.

"నా క్లారినెట్‌కు బరాతే వస్తది బిడ్డా. సూఫీ గీఫీ రాదు."

"గదే గావాలె."

నాకు ఇష్టం లేదు. ఆలోచించి చెప్తానన్నాను. ఆమె గేటు దాటకముందే పెట్టె దించి, క్లారినెట్ తీసి గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాను. దుమ్ము పట్టింది కాబట్టి తుడిచాను, అంతే.

జనవరి 12

నాదర్‌గుల్‌లో రమాకాంత్ ఇంటి మేడ మీద రిహార్సల్. రమాకాంత్ గిటారు, ల్యాప్‌టాప్ రెండూ వాయిస్తాడు. ల్యాప్‌టాప్‌ను వాయించడం ఏమిటని అడిగితే చూపించాడు. మీట నొక్కితే నాలుగు దెబ్బల వరస తిరిగి తిరిగి వస్తూనే ఉంటుంది. దానికి అలుపు లేదు, ఛాయ్ అడగదు. కోహెడ నుంచి మోపెడ్ మీద ఐలేష్ వచ్చాడు. మా బ్యాండులో ఏళ్ల తరబడి నా పక్కన డప్పు కొట్టినవాడు. వాణ్ని చూడగానే ప్రాణం లేచొచ్చింది. వాడిని కూడా నర్మదే పట్టుకొచ్చిందట, నాకు చెప్పలేదు.

పక్కనే విమానాలు నేర్పే మైదానం ఉంది. చిన్న విమానం నెత్తి మీదికి వచ్చినప్పుడల్లా అందరూ ఆగిపోతారు. నేను ఆగలేదు. బరాత్‌లో లారీ హారన్ల మధ్య వాయించినవాడికి విమానం ఒక లెక్కా. అది పోయేదాకా ఒకే స్వరం పట్టి నిలబెట్టాను. రమాకాంత్ నోరు తెరిచాడు. నాకు భలే సంతోషమేసింది.

ఆఖరి పాట రాసిన కవి పేరు ఎవరికీ తెలియదట. నర్మద ముందు చదివింది.

తా దర్ గుషూదమ్, కూచా ఖాలీ బూద్.
బే కఫ్ష్ రవానా షుదమ్.

తర్వాత దాని పై పాదంతో కలిపి అర్థం చెప్పింది. నా ఇంటి ముందు నుంచి నీ ఊరేగింపు పోయింది. తలుపు తీసేసరికి వీధి ఖాళీ. చెప్పులు వేసుకోలేదు, బయల్దేరాను. అంతే. భగవంతుడి కోసం పోవడమట.

"ఇందుల సగం మన మాటలే గదనే! ఖాళీ అంటే ఖాళీయే. రవానా అంటే రవానాయే. కొంచెం ఆగితే నాకు మొత్తం సమజైతుండె," అన్నాను.

"గందుకే నిన్ను పిలిచిన కాక. ఊరేగింపు సంగతి నీకంటె ఎవరికి ఎరుక?"

ముఖస్తుతి అని తెలుసు. అయినా దారంతా అదే నెమరేసుకున్నాను.

జనవరి 13

రాత్రి అన్నం తినేటప్పుడు నాగులమ్మకు ఆ అర్థం చెప్పాను. గొప్పగానే చెప్పాను, నేనే రాసినట్టు. ఆమె కూర వడ్డించడం ఆపి విన్నది.

"ఏ కవి రాసిండో గని, గది నా ముచ్చటే," అంది.

"నీదెట్లయితది?"

"లగ్గాల దినాలల్ల మన గల్లీ ముంగట్నుంచే బరాత్ తోని పోతుంటివి. సప్పుడు ఇనవడంగనే పొయ్యి మీదది దించి, చేతులు తుడుసుకొని దర్వాజ తీసేటాల్లకు గల్లీ ఖాళీ. నీ క్లారినెట్ పీక సప్పుడు మలుపు తిరుగుతుండె. గిన్ని లగ్గాలు వాయించినవ్, ఒక్క పాట సాంతం ఇన్నది లేదు నేను."

"మరి చెప్పులు లేకుంట ఎనకనే రాకపోయినవ్?"

"అన్నం మాడితే ఎవడు తింటడు? నువ్వా?"

నవ్వాను. కానీ పెళ్లయి ఇన్నేళ్లు, ఆమె నా పాట సాంతం వినలేదన్న సంగతి నాకు ఇవాళ్టిదాకా తట్టలేదు.

జనవరి 19

గొడవ. ఫారసీ పాదం పొడుగు, ల్యాప్‌టాప్ వరస పొట్టి. నర్మద పాదాన్ని కత్తిరించనంటుంది. దీర్ఘం ఉన్నచోట దీర్ఘమే పలకాలంటుంది. వరసను సాగదీస్తే చచ్చిన పాములా ఉంటుందని రమాకాంత్ అంటాడు. ఐలేష్ డప్పు వేడి చేసుకుంటూ ఇద్దరికీ తలూపాడు. నేను రమాకాంత్ వైపే గట్టిగా మాట్లాడాను. బరాత్‌లో ఎవడూ దీర్ఘాలు చూడడు.

నేను చెప్పింది తప్పని తేలింది. రమాకాంత్ చాలాసేపు తల పట్టుకుని, చివరికి "కూచా ఖాలీ బూద్" అన్నచోట ల్యాప్‌టాప్, గిటారు, డప్పు అన్నీ ఆపేశాడు. వీధి ఖాళీ అన్నప్పుడు మేడంతా ఖాళీ అయింది. ఆ నిశ్శబ్దంలోంచి నేనొక్కణ్ని ఎత్తుకోవాలి. "రవానా" అన్న మాట మీద నెమ్మదిగా అందరూ కలుస్తారు. ఒళ్లు జలదరించింది. అతనికి ఆ సంగతి చెప్పలేదు, పిల్లాడి నెత్తికెక్కుతుంది.

నా చిక్కు ఇంకొకటి. పాట ఎక్కడ ముగించాలో నాకు తెలియడం లేదు. మా పనిలో పాటకు ముగింపు ఉండదు. నడుస్తూ వాయిస్తాం, ఫంక్షన్ హాలు దర్వాజ వచ్చాక పొడుగు స్వరం ఒకటి పట్టి ఆపుతాం. దర్వాజ రాకముందే ఆపితే పెళ్లివారు ఊరుకోరు. ఇక్కడ దర్వాజ లేదు.

"నేను తలూపుతా అన్నా. గదే దర్వాజ అనుకో," అన్నాడు రమాకాంత్.

జనవరి 20

సంతోషంగా ఉంది. ఊరికే రాసి పెట్టుకుంటున్నాను. ఇవాళ్టి పురుగు పేనుబంక.

జనవరి 25

ఊళ్లోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఇవాళ చిన్న ప్రోగ్రాం. పట్నం ప్రోగ్రాంకు ముందు చేయి తిరగాలని పెట్టుకున్నాం. బాగానే జరిగింది.

అంత బాగా జరగలేదు. రాసుకునేది నాకోసమే అయినప్పుడు దాచడం ఎందుకు? ఆఖరి పాటలో "రవానా" దగ్గర ఐలేష్ దెబ్బ పెంచాడు. వాడు దెబ్బ పెంచితే నా కాళ్లు కదులుతాయి. ఇన్నేళ్లూ దెబ్బ పెరగడమంటే ముందుకు కదలమనే అర్థం. నేను కదిలాను. మైకు స్టాండు వెనకాల ఉండిపోయింది. స్టేజీ పక్క మెట్ల మీదుగా దిగి పోతున్నాను, ఎటు పోతున్నానో నాకే తెలియదు. పిల్లలు ఈలలు వేశారు. మెచ్చుకుంటున్నారనుకుని ఇంకా ఊపుగా ఊదాను. చివరి మెట్టు దగ్గర వైరు కాలికి చుట్టుకుంది. తూలాను. క్లారినెట్ అడుగు కొస వెళ్లి ఇనుప కమ్మీకి కొట్టుకుంది, పై కొస నా ముందు పన్నుకు గుద్దుకుంది.

నర్మద పరిగెత్తుకొచ్చింది. "దెబ్బ తగిలిందా కాక?"

"ఏం గాలే. పీక బాగున్నది," అన్నాను. అడిగింది నా గురించే, నేను క్లారినెట్ గురించి చెప్పాను.

నిజంగా ఏం కాలేదు. కొంచెం రక్తం, అంతే.

జనవరి 26

పన్ను కదలడం లేదు. నాలుకతో తోస్తేనే కదులుతోంది.

జనవరి 28

తోయకపోయినా కదులుతోంది.

క్లారినెట్ పై కొస మీద ఆనేది ఈ ముందు పన్నే. అది గట్టిగా లేకపోతే పట్టు ఉండదు, స్వరం నిలవదు. నోటితో ఎవరికీ చెప్పలేను. నాగులమ్మకు చెప్తే ఈ పూటే దవాఖానకు ఈడ్చుకెళ్లి పీకిస్తుంది. నర్మదకు చెప్తే ఇంకో మనిషిని వెతుక్కుంటుంది, వెతుక్కోవాలి కూడా. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పట్నం ప్రోగ్రాం ఫిబ్రవరి 23న, అప్పటిదాకా ఈ పన్ను ఉంటే చాలు. బ్యాండు పోయాక నాకు దొరికిన పని ఇదొక్కటే. దీని తర్వాత మళ్లీ నన్ను ఎవరు పిలుస్తారు? ఆ ప్రోగ్రాం వాయించాలి. ఆ తర్వాత నోట్లో ఉన్నవన్నీ రాలిపోయినా ఫికర్ లేదు.

నాగులమ్మ ఇవాళ జొన్న గటక వండింది. ఎన్నాళ్లయిందో తిని. మెత్తగా జారిపోయింది.

జనవరి 30

ఇవాళ కూడా గటకే. మటన్ తెస్తానంటే వద్దంది. చలికాలం కదా, తేలిక తిండి మంచిదట. అడ్డూ అదుపూ లేని చాదస్తం.

ఫిబ్రవరి 2

మేడ మీద నాకు కుర్సీ వేశారు. ఇక మీదట కూర్చునే వాయించాలి.

"మళ్ల లేస్తె కుర్సీకి కట్టేస్త అన్నా," అన్నాడు రమాకాంత్. నవ్వుతూనే అన్నాడు, కానీ నిజంగానే అన్నాడు. అతని తప్పేం లేదు. మైకు నాతో రాదు కదా.

"గాయన్ను కూసోవెడితె గాలి యాడికెల్లి వస్తది? నిలవడే మనిషి," అన్నాడు ఐలేష్.

కూర్చుంటే ఊపిరి కడుపు దగ్గరే ఆగిపోతోంది. దానికి తోడు పన్ను. రెండో పాటలో స్వరం జారింది. నర్మద నా వైపు ఒకసారి చూసి, ఆ పాట మళ్లీ మొదటి నుంచి అందుకుంది. తిట్టినా బాగుండేది.

ఫిబ్రవరి 4

శ్రీశైలం దుకాణానికి పోతున్నానని చెప్పి, బస్సెక్కి బడంగ్‌పేట్ పోయి పంటి డాక్టర్‌కు చూపించుకున్నాను. ఊళ్లో అయితే సాయంత్రానికి నాగులమ్మకు తెలిసిపోతుంది. డాక్టర్ చిన్న వయసు అమ్మాయి. వేలితో తట్టి చూసి, ఇది ఉండదు తీసేయాలంది.

"తీసేస్తె పీక ఎప్పుడు ఊదొచ్చు?"

పుండు మానాలి, తర్వాత పన్ను కట్టాలి, నెలలు పడుతుందంది. ఈ నెల దాటాక వస్తానన్నాను. అప్పటిదాకా అదే రాలిపోతుందేమో, గట్టివేమీ కొరకొద్దంది. గటకే తింటున్నాను కాబట్టి భయం లేదు.

ఇంటికొస్తే నాగులమ్మ అడిగింది, "శ్రీశైలం మంచిగున్నడా?"

"మంచిగున్నడు."

"పొద్దుగాల మనింటికి వచ్చి పోయిండు," అంది. అని లోపలికి పోయింది. ఏం అడగలేదు. బతికిపోయాను.

ఫిబ్రవరి 5

సంజీవ మాస్టర్ గుర్తొచ్చాడు. నాకు క్లారినెట్ నేర్పినవాడు. చివరి రోజుల్లో ఆయనకు ముందు పళ్లు ఒక్కటీ లేవు. పై పెదవిని లోపలికి మడిచి, రెండు పెదవుల మధ్య పట్టి ఊదేవాడు. బరాత్‌కు ఆ చప్పుడు చాలదని మేం చాటుగా నవ్వుకునేవాళ్లం. ఇవాళ చెరువు కట్ట మీదికి పోయి అలా ప్రయత్నించాను. మొదట గాలి తప్ప ఏం రాలేదు. వలలు ఆరబెట్టుకుంటున్న ఒకాయన వచ్చి, "సైకిల్ పంచర్ అయిందా అన్నా?" అని అడిగి పోయాడు.

ఫిబ్రవరి 7

వస్తోంది. సన్నగా, దూరం నుంచి వచ్చినట్టు వస్తోంది కానీ వస్తోంది. పన్ను మీద భారం లేదు.

పై పెదవి లోపలంతా పచ్చిపుండు. కంచంలో గటక పక్కన ఇంత వెన్నముద్ద. వెన్న ఎందుకని నేను అడగలేదు. పెదవికి కూడా కొంచెం రాసుకున్నాను.

ఫిబ్రవరి 9

ఇవాళ్టిది రాసుకోకపోతే పాపం. భయం భయంగా పెదవి మడిచి వాయించాను. "కూచా ఖాలీ బూద్" తర్వాత నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలోంచి నా సన్నపు స్వరం. పాట అయ్యాక అందరూ నా వైపే చూస్తున్నారు. దొరికిపోయాననుకున్నాను. నర్మద కళ్లు తుడుచుకుంటోంది.

"ఏం జేసినవ్ కాక? ఇన్నొద్దులు పెండ్లి ముంగట నడిచినట్టు వాయిస్తుంటివి. ఇయ్యాల పెండ్లి ఎల్లిపోయినంక ఎనక ఉన్నోని లెక్క వాయించినవ్. గీ పాటకు గిదే గావాలె."

"లోపట్కెల్లి రావాలె బిడ్డా," అన్నాను, కళ్లు మూసుకుని. పెద్ద మహాత్ముడిలాగా.

లోపలికి పోయింది పై పెదవి. అయినా ఆమె అంతగా మురిసిపోతుంటే నేనెందుకు కాదనాలి? రమాకాంత్ కూడా "మస్తుంది అన్నా, గిట్లనే ఉంచు," అన్నాడు. ఐలేష్ మాత్రం నా మూతి వైపు ఒక చూపు చూసి, డప్పు సంచిలో పెట్టుకున్నాడు. వాడు సంజీవ మాస్టర్‌ను ఎరిగినవాడే. దిగేటప్పుడు చెవిలో, "ఎన్ని పోయినయ్?" అని అడిగాడు. "ఒక్కటే. ఇంకా పోలే," అన్నాను. ఎవరికీ చెప్పనని మీసం మీద చెయ్యేశాడు.

ఫిబ్రవరి 12

ఏమీ లేదు. గటక. వెన్న. చెరువు కట్ట. ఇంతకంటే ఏం కావాలి మనిషికి?

ఫిబ్రవరి 16

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, జనం మాటల్లో ఫారసీ ఏరుకుంటూ వచ్చాను. కండక్టర్ "దర్వాజ కాడ నిలవడొద్దు" అన్నాడు, ఒకటి. ఒకామె "జమీన్ అమ్మిండ్రు" అంది, రెండు. "దవాఖానల ఉన్నడు" అన్నారెవరో. నర్మదను అడిగితే అన్నీ ఆ వైపు నుంచి వచ్చినవేనంది. అయితే ఇన్నాళ్లూ నేను ఫారసీ మాట్లాడుతూనే ఉన్నానన్నమాట. నాగులమ్మకు చెప్తే, "మరి గా ఫారసీ తోనే రెండు బిందెల నీళ్లు వట్టుకరా," అంది.

ఈ వయసులో ఇంత కులాసాగా ఉండటం సిగ్గుగా ఉంది. ఎక్కడో దెబ్బ పడుతుందేమోనని నాలుక మాటిమాటికీ పన్ను దగ్గరికే పోతోంది. అది ఇప్పుడు ఒక్క కొసతో పట్టుకుని ఉంది.

ఫిబ్రవరి 19

నాగులమ్మ ప్రోగ్రాంకు వస్తానంది. నేను వద్దన్నాను. దూరం, బస్సు రష్షు, నడుము నొప్పి అన్నీ చెప్పాను. అసలు సంగతి వేరే. ఆమె మొట్టమొదటిసారి సాంతం వినడానికి వచ్చిన రోజే పన్ను ఊడితే? ఆమె ముందు గాలి కొడితే?

"నేనొస్త," అంది మళ్లీ. "గీసారి పొయ్యి మీద ఏం వెట్ట."

నర్మదకు ఫోన్ చేసి ముందు వరసలో ఒక సీటు చెప్పాను.

ఫిబ్రవరి 22

రేపే. పన్ను ఉంది. ఉంది అంటే ఉంది.

ఫిబ్రవరి 24

కాస్త ఎండెక్కాక కూర్చున్నాను. వరసగా రాయాలి, లేకపోతే తర్వాత నేనే నమ్మను.

హాలు నిండింది. ఎర్ర కోటు వేసుకోమని నర్మదే అంది. నాగులమ్మ మూట విప్పి, ఉతికి, ఇస్త్రీ చేసి పెట్టింది. ఆమెకు ముందు వరసలో సీటు చూపిస్తే కూర్చోలేదు. ఆఖరి వరసలో దర్వాజ పక్కనే కూర్చుంది. ఎందుకే అంటే, "లోపల నాకు ఊపిరాడది. నువ్వు ఫికర్ జెయ్యకు, ఈడికెల్లి మంచిగనే ఇనవడ్తది," అంది. కాళ్లు చూశాను. చెప్పులు లేవు. పాటలు పాడే చోటు కదా అని, భజనకు పోయినట్టు బయటే విప్పి వచ్చింది. మొత్తం హాల్లో చెప్పులు విప్పిన మనిషి ఆమె ఒక్కతే. చెప్తే చిన్నబుచ్చుకుంటుందని ఊరుకున్నాను.

మొదటి పాటలన్నీ గడిచాయి. పెదవి మంటెత్తింది, కానీ పట్టు వదల్లేదు. నర్మద గొంతు నిన్న ఎక్కడికో పోయింది. ఫారసీ ముక్క రానివాళ్లు కూడా మెడలు సాచి వింటున్నారు. రమాకాంత్ గిటారు ఆమె వెనకాలే, ఆమెను ముట్టుకోకుండా నడిచింది. ఐలేష్ డప్పును వేళ్లతోనే వాయించాడు. పాత మాటలకు కొత్త చప్పుళ్లు తోడయ్యాయి. ఏది ఏ కాలానిదో నేను పట్టించుకోవడం మానేశాను.

ఆఖరి పాట. "తా దర్ గుషూదమ్, కూచా ఖాలీ బూద్." అన్నీ ఆగిపోయాయి. హాలంతా ఖాళీ వీధి. నేను ఎత్తుకోవాలి. పెదవి మడిచాను, ఊపిరి తీశాను, ఆ ఊపిరికే పన్ను ఊడి నాలుక మీద పడింది.

నిశ్శబ్దం ఎక్కువైంది. నర్మద తల తిప్పింది. ఆమె కళ్లలో భయం చూశాను. నోట్లో ఉప్పగా రక్తం. ఉమ్మేయడానికి లేదు. నాలుకతో దాన్ని దవడ పక్కకి నెట్టాను. మళ్లీ ఊదాను. గాలి. కూర్చున్న కడుపులోంచి ఇంక ఏం రాదని తెలిసిపోయింది. అంత జనం ముందు, ఆమె ముందు, అయిపోయిందనుకున్నాను.

అప్పుడు ఐలేష్ డప్పు మీద ఒక్క దెబ్బ వేశాడు. ఆగి, ఇంకొకటి. ఇది రిహార్సల్‌లో లేదు. బరాత్ బయల్దేరే ముందు వాడు నాకు వేసే దెబ్బలవి. లేచి నిలబడ్డాను. కుర్సీ వెనక్కి పడింది. పెదవులు రెండూ బిగించి పట్టాను. స్వరం వచ్చింది. నిలబడితే ఎక్కడి నుంచో వచ్చింది.

కాళ్లు కదిలాయి. ఈసారి నాకు తెలిసే కదిలాయి. మెట్లు చూసుకుని, వైరు దాటుకుని దిగాను. ఐలేష్ డప్పు మెడకు తగిలించుకుని నా పక్కకు వచ్చాడు. వెనక్కి తిరిగి చూస్తే రమాకాంత్ ల్యాప్‌టాప్ మూసేస్తున్నాడు. నర్మద మైకు వదిలేసి, ఉత్త గొంతుతో "బే కఫ్ష్ రవానా షుదమ్" అంటూ మా వెనకే దిగింది. జనం మధ్యలో దారిలో ముగ్గురం. మైకు లేదు, అయినా ఎవరూ కదల్లేదు, దగ్గలేదు. అంత పెద్ద హాల్లో నా సన్నపు స్వరం ఆ మూల నుంచి ఈ మూలకు అందింది.

ఎక్కడ ఆపాలో ఎవరూ తలూపి చెప్పనక్కర్లేదు. ఎదురుగా దర్వాజ ఉంది. దర్వాజ పక్కన నాగులమ్మ లేచి నిలబడి ఉంది. నేను దగ్గరికొచ్చేసరికి రెండు చేతులతో దర్వాజ తెరిచింది. ఆమె ముందు నిలబడి, పొడుగు స్వరం పట్టాను. సాంతం. ఊపిరి అయిపోయేదాకా.

చప్పట్ల సంగతి నర్మద చెప్పింది, నాకు గుర్తులేదు. నాకు గుర్తున్నది నాగులమ్మ చెయ్యి. అరచెయ్యి నా మూతి కింద పట్టింది.

"ఏది, ఇటియ్యి," అంది.

పన్ను ఆమె చేతిలో ఉమ్మాను. కొంగుతో తుడిచి, ఆ కొంగు కొసకే ముడేసుకుంది. నా కళ్లలో నీళ్లు ఆగలేదు. ఏడ్చాను, రాసుకోవడానికి సిగ్గేం లేదు.

"నీకు ఎప్పటికెల్లి ఎరుక?" అని అడిగాను.

"గిన్నొద్దులు గటక ఎవరికోసం వండిన్ననుకున్నవ్?"

"మరి అడగకపోతివి?"

"అడిగితె డాక్టర్ కాడికి వోవాలె. పోతె నీ పాట యాడ ఇందును?"

నర్మదకు సంగతి తెలిసి నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. తిట్టి, తిట్టి, పుండు మానాక కూడా పెదవి మడిచే వాయించాలని, కట్టుడు పన్నుతో మళ్లీ బరాత్ మొదలుపెడితే ఊరుకోనని ఒట్టు వేయించుకుంది. రమాకాంత్ నా మూతి చూసి నవ్వాపుకోలేక అటు తిరిగాడు. కుర్సీ ఇంక వేయనన్నాడు.

బయటికొస్తే నాగులమ్మ చెప్పులు లేవు. ఎవరో వేసుకుపోయారు. బస్టాప్ దాకా నా చెప్పులు వేసుకోమన్నాను. వేసుకోలేదు. కోటు గుండీలు విప్పుకుని నేను ముందు, కొంగు ముడి పట్టుకుని ఆమె వెనక, అలాగే నడిచాం.

ఇవాళ కొత్త చెప్పులు కొనుక్కుంది. పంటి డాక్టర్ దగ్గరికి తానే తీసుకుపోతుందట, ఇక నాకు సందు ఇవ్వదట. ఆ చెప్పులు వేసుకుని, దర్వాజ తెరిచి పట్టుకుని నిలబడి ఉంది. రాసింది చాలు రమ్మంటోంది.